పేదల బస్సు ఎటు పోతోంది?

పెరూ, బొలీవియా, అర్జెంటీనాలలో మేము చూసినది

దక్షిణ అమెరికా అనగానే మన పత్రికల్లో కనిపించేది ఫుట్‌బాల్ ఆట, లేకుంటే సైనిక కుట్ర. అక్కడి పల్లె, అక్కడి కూలీ, అక్కడి కౌలురైతు మనదాకా రావడం అరుదు. 2023 అక్టోబరు, నవంబరు నెలల్లో మేము ముగ్గురం పెరూ రాజధాని లీమా నుండి అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్ వరకు బస్సుల్లో ప్రయాణం చేశాము. ఆ ఖండం చేరడానికి విమానం తప్పలేదు. చేరిన తర్వాత మాత్రం చేతిలో వున్న డబ్బుకు బస్సే గతి. మార్కెట్లలో బల్లల మీద తినడం, ఒకే గదిలో ఎనిమిది మంచాలు వేసిన సత్రాల్లో పడుకోవడం, రాత్రి బస్సెక్కితే ఆ రాత్రి గది అద్దె మిగిలిందని సంతోషించడం - యిదీ మా యాత్ర. మాలో ఒక కుర్రవాడికి స్పానిష్ వచ్చు. మేము అడిగినవీ, వాళ్లు చెప్పినవీ అన్నీ అతని నోటిగుండానే నడిచాయి.

యాత్రా విశేషాలు రాయడం మా వుద్దేశం కాదు. మంచుకొండలు, పురాతన కట్టడాలు చూసి వచ్చినవాళ్లు చాలామంది వున్నారు, అవి వాళ్లు రాస్తారు. పేదల బస్సులో కూచున్నవాడికి వేరే సంగతి కనిపిస్తుంది. పక్క సీటు మనిషిని "ఎక్కడికి పోతున్నావు, ఎందుకు పోతున్నావు" అని అడిగితే చాలు, ఆ దేశంలో భూమి ఎవరి చేతిలో వుందో సగం తెలిసిపోతుంది. కదిరి బస్టాండులో అర్ధరాత్రి బెంగుళూరు బస్సు కోసం మూటలతో నిలబడిన మనవాళ్లను అడిగినా అంతే కదా.

ఇసుకలో తోటలు, తోటల్లో కూలీలు

లీమా నుండి దక్షిణంగా సముద్రం వెంట పోయే రోడ్డుకు యిరువైపులా ఎడారి. గడ్డిపోచ వుండదు. అట్లా సుమారు మూడు వందల కిలోమీటర్లు పోతే ఇకా లోయ వస్తుంది. వాన దాదాపు తెలియని ఆ యిసుకలో ఒక్కసారిగా మైళ్ల పొడవునా పచ్చని తోటలు. కొన్ని ద్రాక్షతోటలు. కొన్ని ఆస్పరాగస్ అనే పంటవి. నేలలోంచి మొలిచే లేత కాడలు కోసి అమెరికాకూ, యూరప్‌కూ పంపుతారు. అక్కడి కలవారి పళ్లెంలోకి పోయే కూర అది.

ఎడారిలో నీళ్లెక్కడివి? అంతా లోతైన బోర్లే. తోటలు పెరిగేకొద్దీ భూగర్భ జలం దిగిపోతూ వస్తోంది. చిన్నరైతు బావి ఎండుతుంది. కంపెనీ బోరు మరింత లోతుకు పోతుంది. యీ కథ అనంతపురం జిల్లావాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

తెల్లవారుజామున మా బస్సును దాటుకుంటూ కూలీల బస్సులు వరసగా పోయాయి. ఆడవాళ్లే ఎక్కువ. ఎండకూ, దుమ్ముకూ, పురుగుమందులకూ ముఖమంతా గుడ్డ చుట్టుకొని, కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. వాళ్లలో చాలామంది కొండ ప్రాంతాల నుండి దిగివచ్చినవాళ్లని మా పక్కనున్న పెద్దామె చెప్పింది. ఆమె కూతురు అదే పనిలో వుందట. "తోట కంపెనీది. మమ్మల్ని పనికి పెట్టుకునేది మాత్రం కంపెనీ కాదు, మధ్యలో కంట్రాక్టరు" అన్నది.

2000 సంవత్సరంలో ఫుజిమోరి ప్రభుత్వం ఎగుమతి వ్యవసాయానికి ప్రోత్సాహం పేరుతో ఒక ప్రత్యేక చట్టం తెచ్చింది. కంపెనీలకు పన్ను తగ్గింది. కూలీలకు మాత్రం మిగతా కార్మికులకున్న సెలవులూ, హక్కులూ తగ్గాయి. యిరవై ఏళ్లు అట్లా సాగింది. 2020 నవంబరు 30న ఇకా కూలీలు పని ఆపి జాతీయ రహదారి మీద కూచున్నారు. అప్పుడు వాళ్ల రోజుకూలి, బోనసూ గ్రాట్యుటీ అన్నీ కలిపి, సుమారు 39 సోళ్లు. మన డబ్బులో దాదాపు ఎనిమిది వందల రూపాయలు. ఎక్కువే కదా అనుకొంటాము. అక్కడి మార్కెట్లో బియ్యం, నూనె, గది అద్దె ధరలు విన్న తర్వాత ఆ మాట నోటికి రాదు. వాళ్లు 70 సోళ్లు అడిగారు, కంట్రాక్టర్లను తీసివేయమన్నారు. అయిదు రోజులు రహదారి కదలలేదు. డిసెంబరు 4న పార్లమెంటు ఆ పాత చట్టాన్ని రద్దు చేసింది. ఉత్తరాన వీరూ లోయలో అదే పోరాటంలో ఒక యువ కార్మికుడు పోలీసు తూటాకు బలయ్యాడు.

నెలాఖరున వచ్చిన కొత్త చట్టం 70 సోళ్లు యివ్వలేదు. కనీస వేతనం మీద 30 శాతం ప్రత్యేక బోనసు మాత్రం యిచ్చింది. అడిగింది రాలేదు, అడగకపోతే ఆ కాస్తా వచ్చేది కాదు. యూనియన్ లేని చోట, కంట్రాక్టరు చేతికింద చెల్లాచెదరుగా వున్న కూలీలు యిరవై ఏళ్ల చట్టాన్ని అయిదు రోజుల్లో రద్దు చేయించారు. మన వ్యవసాయ కార్మిక సంఘాలు గుర్తుపెట్టుకోవలసిన ముచ్చట యిది.

పంచిన భూమి ఏమైంది?

ఇకా నుండి రాత్రి బస్సులో కొండలెక్కి కుస్కో చేరాము. సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తు. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. కోకా ఆకులు వేడినీళ్లలో వేసి యిచ్చారు. అక్కడి రైతులు ఆ ఆకును బుగ్గన పెట్టుకొని పొలం పని చేస్తారు, మన పెద్దవాళ్లు తమలపాకు నమిలినట్టు.

కుస్కోకు ఉత్తరాన లా కన్వెన్సియోన్ అనే లోయ వుంది. కాఫీ, తేయాకు, కోకా పండే లోయ. అక్కడ దొరల ఎస్టేటులో ఒక చెక్క సాగు చేసుకోవాలంటే కౌలురైతు నెలలో యిన్ని రోజులని దొర పొలంలో వూరికే పని చేయాలి. ఆ కౌలురైతు కింద మరొక నిరుపేద. 1960 దశకం మొదట్లో యీ కౌలురైతులు సంఘాలు పెట్టి, వెట్టి రోజులు చేయబోమని సమ్మె కట్టారు. వాళ్ల నాయకుడు హ్యూగో బ్లాంకో 1963లో పట్టుబడ్డాడు. మరణశిక్ష వేయాలన్నారు. ప్రపంచమంతటా ఆందోళన జరిగింది, ఆ ప్రాణం దక్కింది. మేము వెళ్లిన ఏడాదే, 2023 జూన్ నెలలో, ఆయన పోయాడు.

1969 జూన్ 24న సైనిక ప్రభుత్వాధినేత వెలాస్కో భూసంస్కరణ చట్టం ప్రకటించాడు. పెద్ద ఎస్టేట్లు రద్దయినాయి. సైనికాధికారి దయవల్ల జరిగిందని కొందరు రాస్తారు. అంతకుముందే లోయల్లో రైతులు భూములు ఆక్రమించుకొని కూచున్నారన్న సంగతి వాళ్లు రాయరు. దొర పోవడం చిన్న విషయం కాదు. కొండజాతి రైతు దొర ముందు టోపీ తీసి, చేతులు కట్టుకొని నిలబడే కాలం పోయింది.

అయితే భూమిని కో-ఆపరేటివుల పేరుతో ప్రభుత్వాధికారుల చేతికింద పెట్టారు. అప్పు రాలేదు, గిట్టుబాటు ధర రాలేదు. కో-ఆపరేటివులు చీలి చిన్న ముక్కలైనాయి. 1995లో వచ్చిన భూచట్టం కంపెనీలు ఎంత భూమైనా కొనుక్కొనే దారి తెరిచింది. సముద్రతీరంలో, నీళ్లున్నచోట, పెద్ద కమతాలు మళ్లీ లేచాయి. ఇకాలో ముఖానికి గుడ్డ చుట్టుకొని బస్సెక్కిన ఆడపిల్లలు యీ కొండరైతుల మనవరాళ్లే. తాతకు భూమి వచ్చింది. నీళ్లూ, ధరా రాకపోతే మనవరాలు కూలిబస్సు ఎక్కింది.

సరస్సు వెనక్కి పోయిన ఏడు

కుస్కో నుండి పూనో పోయే దారిలో హులియాకా వూరు. 2023 జనవరి 9న ఆ వూళ్లో ప్రభుత్వ బలగాల కాల్పుల్లో ఒక్కరోజే పదిహేడుమంది ప్రాణాలు పోయాయి. మేము వెళ్లేసరికి తొమ్మిది నెలలైనా బస్సులో ఆ మాట వస్తే మనుషులు గొంతు తగ్గించి మాట్లాడారు.

తర్వాత టిటికాకా సరస్సు. 3,800 మీటర్ల ఎత్తున సముద్రంలాంటి నీళ్లు. ఆ ఏడు కరువు. నీళ్లు బాగా వెనక్కి పోయి, పడవలు బురదలో ఒరిగి వున్నాయి. అది ఆలుగడ్డ విత్తే కాలం. రైతులు ఆకాశం వైపు చూస్తున్నారు. ఆలుగడ్డ పుట్టిల్లు యీ కొండలే. ఒక్క పెరూలోనే మూడువేలకు పైగా రకాలున్నాయని చెబుతారు. రాత్రి మంచులో పరచి, పగలు ఎండలో వుంచి, కాళ్లతో తొక్కి నీరంతా పోగొట్టి చేసే ఎండుగడ్డను చూన్యో అంటారు. ఏళ్లతరబడి నిలవ వుంటుంది. నల్లగా రాళ్లలాగా వున్న వాటిని పులుసులో వేసి యిచ్చారు. మొదట నచ్చలేదు. రెండో రోజుకు అలవాటైంది. కరువుకు కొండరైతు కట్టుకున్న ధాన్యపు గాదె అది.

పెరూ దాటి బొలీవియాలోకి నడిచే పోయాము. ఆ రెండు దేశాలవాళ్లు గుర్తింపు కార్డు చూపి పోతారు. పాస్‌పోర్టులు పట్టుకొని వరసలో నిలబడేది మాలాంటివాళ్లు. ఆ దారిలో తికీనా అనేచోట సరస్సు యిరుకవుతుంది. వంతెన లేదు. మనుషులు దిగి చిన్న పడవల్లో, బస్సు చెక్కల పంటు మీద అవతలి ఒడ్డుకు పోవాలి. మా మూటలన్నీ వున్న బస్సు నీళ్లలో వూగుతూ పోతుంటే మేము బిగపట్టుకొని చూస్తున్నాము. పక్కనున్న అవ్వ మాత్రం నవ్వుతోంది.

బొలీవియాలో వెట్టి

బొలీవియాలో దొరతనం కింద వున్న వెట్టిని పొంగెయాహె అనేవారు. వెట్టిమనిషి పేరు పొంగో. వంతు వచ్చిన వారమంతా దొర యింట్లో చాకిరీ చేయాలి, గుమ్మం దగ్గర పడుకోవాలి. దొర తన పొంగోను మరొకరికి అద్దెకు కూడా యిచ్చేవాడు, దానికి పత్రికల్లో ప్రకటనలు వేసేవాళ్లు. 1945లో అధ్యక్షుడు వియ్యారోయెల్ దీన్ని రద్దు చేస్తూ ఆజ్ఞ యిచ్చాడు. 1946లో జరిగిన తిరుగుబాటులో అతన్ని లా పాజ్ నగరంలో దీపస్తంభానికి వేలాడదీశారు. ఆజ్ఞ కాగితం మీదే మిగిలింది.

1952 ఏప్రిల్‌లో గని కార్మికులు ఆయుధాలు పట్టి విప్లవం తెచ్చారు. పల్లెల్లో రైతు సంఘాలు చట్టం కోసం ఎదురుచూడకుండా ఎస్టేట్లు స్వాధీనం చేసుకోసాగాయి. అప్పుడు గాని, 1953 ఆగస్టు 2న, ఉకురేన్యా అనే పల్లెలో వేలాది రైతుల మధ్య భూసంస్కరణ మీద సంతకం పడలేదు. మన తెలంగాణాలో వెట్టి మీద తిరుగుబాటు నడిచిన కాలం కూడా దాదాపు అదే. ఒకరి పేరు ఒకరికి తెలియదు, పని మాత్రం ఒకటే.

కాని అక్కడా భూమి సగమే పంచారు. తూర్పున సాంతా క్రూజ్ ప్రాంతంలో పెద్ద కమతాలు మిగిలాయి. తర్వాతి సైనిక ప్రభుత్వాలు తమవాళ్లకు అక్కడే వేల హెక్టార్లు రాసియిచ్చాయి. 2009 జనవరిలో కొత్త రాజ్యాంగంతోపాటు భూమికి పరిమితి ఎంత వుండాలని ప్రజలనే అడిగారు. సుమారు 80 శాతం మంది 5,000 హెక్టార్లన్నారు. అంటే పన్నెండు వేల ఎకరాల పైమాటే. అది కూడా యిక ముందు సంపాదించే భూమికే, అప్పటికే వున్నవాడికి వర్తించదు. మన 1973 సీలింగు చట్టంలో పరిమితి మెట్టకు 54 ఎకరాలు దాటలేదు, అయినా బినామీలతో దాన్ని ఏం చేశారో మనకు తెలుసు. పన్నెండు వేల ఎకరాల పరిమితికి బినామీ పేర్లు కూడా అక్కరలేదు.

పడమటి పీఠభూమిలో భూమి పొందిన కుటుంబాలు రెండు మూడు తరాలకు చాళ్లు లెక్కపెట్టుకునేంత ముక్కలైనాయి. అక్కడి పిల్లలు లా పాజ్ నగరం పైనున్న ఎల్ ఆల్తోకు వచ్చారు. 4,100 మీటర్ల ఎత్తున, ఇటుక గోడల నగరం అది, పల్లె మొత్తం లేచివచ్చి కూచున్నట్టు వుంటుంది. అక్కడా పని దొరకనివాళ్లు దక్షిణం బస్సు ఎక్కుతారు. మేమూ ఎక్కాము.

వంతెన మీద మనుషులు

లా పాజ్ నుండి రాత్రంతా ప్రయాణం చేసి సరిహద్దు వూరు విల్యాసోన్‌లో దిగాము. మా వెనక సీట్లో పొతోసి వైపు నుండి వచ్చిన మొగుడూ పెళ్లాలు, చంటిబిడ్డ. లా ప్లాతా దగ్గర కూరగాయల తోటల్లో అన్న వున్నాడట, అక్కడికి పోతున్నారు. "మీకు పొలం లేదా?" అని అడిగితే, "వుంది. నలుగురు అన్నదమ్ములం, వాన లేదు" అన్నాడు. అంతే చెప్పాడు.

విల్యాసోన్ నుండి అర్జెంటీనాలోని లా కియాకాకు ఒక వంతెన. జనం నడిచే దాటుతారు. వంతెన దగ్గర ఆడా మగా వీపున పిండి బస్తాలు, నూనె పెట్టెలు కట్టుకొని పరుగులాంటి నడక నడుస్తున్నారు. మోతకింత అని కూలి. అప్పుడు అర్జెంటీనా పెసో పడిపోయి, అక్కడి సరుకు బొలీవియాలో చవక. ప్రభుత్వం లెక్కలో డాలరుకు 350 పెసోలు, వీధిలో వెయ్యి దాకా. మా దగ్గరున్న నాలుగు డాలర్లు మార్చితే సంచి నిండా కాగితాలు వచ్చాయి. మేము ధనవంతులమయ్యామని నవ్వుకొంటిమి. ఆ కాగితాలతోనే జీతం తీసుకొనే మనిషి ఎట్లా బతకాలి? ఆ 2023లో అక్కడ ధరలు ఒక్క ఏడాదిలో 211 శాతం పెరిగాయి.

వంతెన దాటి కిందికి దిగుతూ పోతే హుహుయ్ రాష్ట్రంలో చెరుకుతోటలు. పూర్వం బొలీవియా కూలీలు చెరుకు కోతకు యిక్కడికే వచ్చేవారు. 1976 జూలైలో, సైనిక నియంతృత్వం వచ్చిన కొత్తలో, లెదెస్మా ప్రాంతపు వూళ్లలో రాత్రిపూట కరెంటు తీసివేసి, చీకట్లో యూనియన్ కార్యకర్తలను, విద్యార్థులను వందల సంఖ్యలో ఎత్తుకుపోయారు. కొందరు తిరిగి రాలేదు.

మనుషులు లేని పొలాలు

తర్వాత సుమారు 1,500 కిలోమీటర్లు బస్సు కిటికీలోంచి చూస్తూనే వున్నాము. నేల చదరంగా, నల్లగా, బంగారంలాంటి నేల. గోధుమ పండుతోంది, సోయా విత్తుతున్నారు. గంటలతరబడి చూసినా పొలంలో మనిషి కనిపించడు. అక్కడొక యంత్రం, యిక్కడొక ధాన్యపు గాదె. 1996లో జన్యుమార్పిడి సోయాకు అనుమతి వచ్చిన తర్వాత అంతా సోయామయం. కలుపు మందు చల్లడమే, తీసేది లేదు. కూలీ అక్కరలేదు. నగరాల్లో పెట్టుబడి పోగుచేసుకొన్న గుంపులు భూమి కౌలుకు తీసుకొని యంత్రాలతో సేద్యం చేయిస్తాయి. కౌలుదారు కూడా కంపెనీయే!

యీ దేశంలో భూసంస్కరణ ఏనాడూ జరగలేదు. అయినా పోరాటం జరగలేదని కాదు. 1912 జూన్ 25న సాంతా ఫే రాష్ట్రంలో అల్కోర్తా అనే వూళ్లో కౌలురైతులు సమ్మె ప్రకటించారు. మొక్కజొన్న బాగా పండింది, కౌలూ అప్పూ పోగా చేతికేమీ మిగల్లేదు. అదీ కారణం. ఆ సమ్మె చాలా వూళ్లకు పాకి కౌళ్లు తగ్గించింది. వాళ్ల తరఫున నిలబడిన న్యాయవాది ఫ్రాన్సిస్కో నేత్రీని 1916లో హత్య చేశారు. పొలం కూలీకి కనీస హక్కుల చట్టం 1944లో వచ్చింది. ఖండం మొత్తం మీద ఒక్క శాతం పెద్ద కమతాల కిందే సగానికి మించిన సాగుభూమి వుందని 2016లో ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్క తేల్చింది. ఆ లెక్క చదివితే అంకె, బస్సులోంచి చూస్తే ఒక పగలూ ఒక రాత్రీ.

బ్యూనస్ ఎయిర్స్ పక్కన లా ప్లాతా చుట్టూ ప్లాస్టిక్ కప్పిన కూరగాయల తోటలు. ఆ మహానగరం తినే ఆకుకూర చాలామటుకు బొలీవియా కౌలురైతుల చేతిపంట. హెక్టారుకింత అని నెలనెలా కౌలు కట్టాలి. కొందరు కోరుకు చేస్తారు. భూయజమానులు యిటుక యిల్లు కట్టుకోనివ్వరు, కట్టుకొంటే కదలరని భయం. అందుకని పలకలతో, ప్లాస్టిక్‌తో వేసిన గుడిసెలు. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు విప్పుకొని పోవాలి. విల్యాసోన్ బస్సులో చూసిన ఆ చంటిబిడ్డ యిట్లాంటి గుడిసెలోనే పెరగబోతోందని అనుకొన్నాము.

వాళ్లకొక సంఘం వుంది, భూమి కార్మికుల యూనియన్ అని పేరు. నగరం కూడళ్లలో కూరగాయలు వూరికే పంచి, లేదా నామమాత్రపు ధరకు అమ్మి నిరసన తెలిపే పద్ధతి వాళ్లది. "మీరు యాభైకి కొనేదానికి మాకు ముట్టేది యింత" అని తినేవాళ్లకు నేరుగా చెబుతారు. 2019 ఫిబ్రవరిలో అట్లా పంచుతుంటే పోలీసులు విరుచుకుపడ్డారు. వాళ్ల ముఖ్యమైన కోరిక ఒక్కటే - కౌలుకు కట్టే డబ్బుతోనే వాయిదాల మీద భూమి కొనుక్కొనేటట్టు ప్రభుత్వం అప్పు యివ్వాలని. మన కౌలురైతు కార్డు అడుగుతాడు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టం యజమాని సంతకం పెడితేనే కార్డు అన్నది. యజమాని పెట్టడు. లా ప్లాతాలో యిటుక, యిక్కడ సంతకం. భయం ఒకటే.

మన శెనక్కాయ పుట్టిల్లు

చివరిగా మావైపు సంగతి ఒకటి. అనంతపురం ఎర్రనేలల్లో తరతరాలుగా వేసే శెనక్కాయ పుట్టిల్లు ఎక్కడో కాదు, మేము దాటివచ్చిన దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా ప్రాంతమే. ఆలుగడ్డ, జీడిమామిడి కూడా ఆ ఖండం నుండి వచ్చినవే. పంట వచ్చింది, మన రైతు దాన్ని తనది చేసుకొన్నాడు. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపులు తెరిచిన తర్వాత వేరే ప్రయాణం మొదలైంది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుండి తెస్తున్నాము. సోయానూనె ఎక్కువగా అర్జెంటీనా నుండే. మనుషులు కనిపించని ఆ పొలాల గింజ రొసారియో రేవుల దగ్గర నూనె అయి మన వూరి కొట్టుకు వస్తోంది. దాని ధర ముందు అనంతపురం రైతు శెనక్కాయ నిలవలేకపోతోంది. అక్కడ సోయా కూలీని పొలంలోంచి వెళ్లగొట్టింది, యిక్కడ దాని నూనె రైతును వెళ్లగొడుతోంది. నూనెకు వీసా అక్కరలేదు. మనుషులు మాత్రం వంతెన మీద మూటలు మోయాలి.

మేము నేర్చుకొన్నది యింతే. భూమి పంచని చోట పేదవాడు బస్సెక్కుతాడు. పంచి, నీళ్లూ అప్పూ ధరా యివ్వని చోట అతని మనవడు బస్సెక్కుతాడు. ఎక్కడ పంచినా, ఎంత పంచినా, ముందు సంఘం కట్టిన తర్వాతే చట్టం వచ్చింది. సంఘం సడలిన రోజున చట్టం వెనక్కి పోయింది. దున్నేవానికే భూమి అన్న నినాదం పాతబడిందని మనలో కొందరంటున్నారు. ఈసారి కదిరిలో బెంగుళూరు బస్సు కదిలేముందు లోపలికి ఎక్కి, ఎవరెవరు ఎందుకు పోతున్నారో అడిగి రండి. ఆ తర్వాత మాట్లాడుకొందాము.